ఒకే డబ్బా తూటాలు

మిల్‌ఫోర్క్, మోంటానా
దూడలకి ముద్రలు వేసిన మర్నాడు

ఎమ్మెట్‌కి ఆర్డిస్ రాసేది,

ఇక్కడ నేనూ, గుర్రమూ, కోళ్లూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ కుక్కా క్షేమమని తలుస్తాను. మన లోయలో ఫోన్ పలకదు, పలికినా నువ్వు తియ్యవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

జులై నాలుగున ఫైర్ స్టేషన్ వెనక జరిగే ‘ఒకే డబ్బా’ పోటీ తెలుసుగా. జంటకి ఒక్క డబ్బా తూటాలు. ఇద్దరూ అందులోంచే తీసుకుని ఇనప పళ్లేలు పడగొట్టాలి. అంటే ఇద్దరి తుపాకులూ ఒకే సైజు తూటా తినాలి. మా ఆయన నెల్స్ ఉన్నప్పుడు ఏటా మేమే గెలిచేవాళ్లం. ఆయన పోయి, ఆయన తుపాకీ మా అమ్మాయి పట్టుకెళ్లాక, నేను నిమ్మరసం పోసే బల్ల దగ్గర నిలబడుతున్నాను. వేరేవాళ్లు కాలుస్తుంటే చేతులు దురదపెడతాయి. ఈ ఏడు బరిలో దిగకపోతే నాకు మనశ్శాంతి లేదు.

మన మంగలి లెస్టర్ దగ్గర నా తూటాయే తినే రివాల్వర్ ఉందట. అతన్ని అడుగుదామనుకుంటున్నాను. నీ సలహా ఏమిటి?

ఇట్లు,
ఆర్డిస్

తా.క.: నా లీవర్ తుపాకీని ఇవాళ నూనె పెట్టి తుడిచాను. ఒళ్లో పిల్లిలా పడుకుంది. పిల్లికంటే నయం, చెప్పిన మాట వింటుంది.

*

ఆర్డిస్‌కి ఎమ్మెట్ రాయడమేమంటే,

సలహా అడిగావు కనుక చెబుతున్నాను, తర్వాత మూతి ముడవకు. రైఫిల్ అంటే ఎల్క్ దుప్పిని పడగొట్టాలి. నీది నడుముకి కట్టుకునే రివాల్వర్ తూటాలు తింటుంది. తండ్రి చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంటుంది. నా ఎల్క్ తుపాకీలో ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చాలి, కాలిస్తే పక్క కౌంటీలో కాఫీ కప్పులు కదులుతాయి. దాన్ని తుపాకీ అంటారు. నీదాన్ని బొమ్మ అంటారు.

ఇక లెస్టర్. పోయినసారి గడ్డం గీస్తూ నా చెవి కోశాడు. మూరెడు దూరంలో చెవి కనిపించనివాడికి అంత దూరాన పళ్లెం ఏం కనిపిస్తుంది? తర్వాత నీ ఇష్టం.

నీ మంచి కోరే
ఎమ్మెట్ రస్క్

తా.క.: నా భుజం బాగానే ఉంది. ఎవరైనా అడిగితే అదే చెప్పు. కుడిచెయ్యి లేవక ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

*

శ్రీ ఎమ్మెట్ రస్క్ గారి సముఖానికి,

బొమ్మ అన్నారు. సంతోషం. పోయిన చలికాలం మా కోళ్లగూటికి వచ్చిన కొయోట్ నక్కకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం, చచ్చిపోయింది. నా తుపాకీ చంకలో ఇముడుతుంది. లీవర్ ఒకసారి కిందికీ పైకీ ఆడిస్తే మళ్లీ సిద్ధం. భుజాన్ని తడుతుందే తప్ప తన్నదు. నడుమున ఉన్న రివాల్వర్‌కీ, చేతిలో ఉన్న రైఫిల్‌కీ ఒకే జేబులోంచి తూటాలు. ఇంతకంటే తెలివైనది మా ఇంట్లో లేదు, నన్ను కూడా కలుపుకుని.

తూటాల కోసం హార్లన్ కొట్టుకి వెళ్తే ఆ అర మొత్తం ఖాళీ! నా సైజు డబ్బాలన్నీ మీరే ఎత్తుకెళ్లారట. ఎందుకని అడిగితే హార్లన్ నోరు కుట్టేసుకున్నాడు. ఆ తూటా తినే తుపాకీ మీ ఇంట్లో ఒక్కటీ లేదు. నన్ను పోటీలో దిగనివ్వకూడదనే కదా? ఇన్నేళ్ల ఇరుగుపొరుగుతనానికి ఇదా మర్యాద? నాకు చాలా కష్టం కలిగింది.

మీ పొరుగున ఉన్నందుకు చింతిస్తూ,
శ్రీమతి ఆర్డిస్ క్వాలీ

తా.క.: అదే కొట్టులో భుజాలకి రాసుకునే నొప్పుల మందు డబ్బాలన్నీ నేను కొనేశాను. నాకు ఏ నొప్పులూ లేవు.

*

శ్రీమతి ఆర్డిస్ క్వాలీ గారికి,

తూటాలు కొన్న మాట నిజం. గేలానికి బరువులు కావలసి వచ్చాయి. మనిషన్నాక గేలానికి బరువులు అవసరం. అంతకంటే వివరం అడగవద్దు.

మందు విషయంలో మీరు చేసింది మాత్రం దారుణం. గతిలేక గుర్రాలకి రాసేది రాసుకున్నాను. కుక్క నా గదిలోకి రావడం మానేసింది. ఆదివారం చర్చిలో నా వరసలోవాళ్లంతా లేచి ముందుకి వెళ్లడం మీరూ చూశారు. వాళ్లకి భక్తి పెరిగిందని ఫాదర్ మురిసిపోయారు.

భవదీయుడు,
ఎమ్మెట్ రస్క్

తా.క.: చర్చిలో నా బొటనవేలి కట్టు కేసి అదేపనిగా చూశారు. వేలు దొడ్డి తలుపు సందులో పడింది. అంతే.

*

రస్క్ గారికి,

దొడ్డి తలుపు సంగతి చదివాను. తలుపుకి దెబ్బలేమీ తగల్లేదు కదా?

పోటీకి పేర్లివ్వడం శనివారంతో ఆఖరు. శుక్రవారంలోగా తూటాలు మా పోస్టు డబ్బా దగ్గర కనబడాలి. లేకపోతే ఆదివారం సాయంత్రాల కాఫీ, రూబార్బ్ కేకు, వరండాలో కబుర్లు, అన్నీ ఇవాళ్టితో సరి. బాగా ఆలోచించుకోండి.

ఆర్డిస్ క్వాలీ

తా.క.: మీ కుర్చీలో కూర్చోబెట్టడానికి లెస్టర్ సరిపోతాడా అని కొలుస్తున్నాను.

*

ఆర్డిస్,

గేలం మాట అబద్ధం. నాకు చేపలు పట్టడమే రాదు, నీకు తెలుసు.

ఎల్క్ తుపాకీ ఇంకొక్కసారి పేల్చితే నా భుజం నాది కాదని డాక్టరు మార్చిలోనే చెప్పాడు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నీ మొదటి ఉత్తరంలో లెస్టర్ పేరు చూశాక తిండి సహించలేదు. ఆ ఉక్రోషంలోనే నీ తుపాకీని బొమ్మ అని రాసి పోస్టు చేసి, అటునుంచి అటే హార్లన్ కొట్టుకి వెళ్తే, గుమ్మంలోనే నీ తుపాకీకి కవలపిల్ల కనబడింది. కొనేశాను. ఉత్తరం వెనక్కి తీసుకుందామంటే టపా బండి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పనని హార్లన్ చేత ఒట్టు వేయించుకున్నాను.

గుర్రాల మందుకి చెయ్యి కాస్త లేచాక, గడ్డిమోపుల వెనక కాఫీ డబ్బాలు పేర్చి కాల్చాను. మొదటి డబ్బా ఎగరగానే ఒక్కణ్నే పగలబడి నవ్వాను. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. కుక్క పారిపోలేదు, వచ్చి కాళ్ల దగ్గర పడుకుంది. లీవర్ ఆడించినప్పుడల్లా ఖాళీ తూటా గొట్టం ఎగిరి గడ్డిలో పడుతుంటే, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ పొద్దుగూకేదాకా కాల్చాను. ఇంత సంతోషం చిన్న తూటాలో ఉంటుందని ఈ వయసులో తెలిసింది. బొమ్మ అన్నందుకు నీకూ, దానికీ క్షమాపణలు.

మిగిలిన డబ్బాలు నీ పోస్టు డబ్బా దగ్గర పెడుతున్నాను. లెస్టర్‌తో కలిసి గెలువు. నిమ్మరసం నేను పోస్తాను.

ఎమ్మెట్

తా.క.: ఒక్క మందు డబ్బా అయినా పంపు. ఇది నా మాట కాదు, కుక్క మాట.

*

ఓయ్ ఎమ్మెట్,

లెస్టర్‌ని నేను అసలు అడగనేలేదు. అతని రివాల్వర్ గొట్టంలో సాలీడు కాపురం పెట్టింది. ఫైర్ స్టేషన్‌లో నా పేరు పక్కన నీ పేరు రాయించి వచ్చాకే నీకు మొదటి ఉత్తరం రాశాను. ఆ తుపాకీని గుమ్మంలో పెట్టమని హార్లన్‌కి చెప్పిందీ నేనే. తిన్నగా అడిగితే నువ్వు మొండి గాడిదలా కాళ్లు బిగించి నిలబడతావు. మందు కొన్నది కక్షతో కాదు. నొప్పి నొప్పిలాగే ఉంటే ఆ పెద్ద తుపాకీ జోలికి మళ్లీ పోవని.

తూటాల దగ్గర మాత్రం నిజంగానే ఒళ్లు మండింది. గుమ్మంలో తుపాకీని వేరెవరో కొనేశారనీ, నా ఎత్తు బెడిసికొట్టి నువ్వు పగబట్టావనీ అనుకున్నాను, ఒక రాత్రి ఏడ్చాను కూడా. చర్చిలో నీ కట్టు జారినప్పుడు బొటనవేలు చూశాకే ప్రాణం కుదుటపడింది. దొడ్డి తలుపు అయితే గోరు ఊడుతుంది. వేలి కొసన నెలవంకలా కొరికేది లీవర్ తుపాకీ పక్కన తూటాలు లోపలికి తోసే ఆ బుల్లి తలుపే. నెల్స్‌కి అదే కాటు, నాకూ అదే కాటు. ఆ తర్వాత కూడా బెదిరించింది నీ నోటితో నువ్వే చెబుతావని. చెప్పావు. చాలా బాగా చెప్పావు, ఆ ఉత్తరం కోళ్లకి కూడా చదివి వినిపించాను.

ఆదివారం రా. సాధన చెయ్యాలి.

నీ జంట,
ఆర్డిస్

తా.క.: మందు పోస్టులో పంపను, వచ్చి తీసుకో. కుక్కని కూడా తీసుకురా. వంటింటి గుమ్మం మీద తుపాకులు తగిలించే కొక్కేలు రెండున్నాయి. నెల్స్ పోయినప్పటినుంచి ఒకటి ఖాళీ. ఇవాళ నిచ్చెనెక్కి దాని దుమ్ము దులిపాను.