అక్క నిమ్మచెట్టు, నా గుడ్డసంచి

మార్చి 2, ఆదివారం

కూతురి కాన్పుకు వెళ్తూ అక్క పొద్దున్నే తన నిమ్మచెట్టును కుండీతో సహా మా ఇంట్లో దింపింది. బావ పోవడానికి ముందు ఏడాది నాటిన చెట్టు. ఇన్నాళ్ళూ ఎవర్నీ వేలు కూడా పెట్టనివ్వలేదు. అలాంటిది నాకు అప్పగించింది!

"నీ చేతిలో ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుందిరా. అయినా తప్పదు. జాగ్రత్త" అంది.

నిర్ణయం: రోజూ లేవగానే, కాఫీ కంటే ముందు, దీనికి నీళ్ళు. నేనే పోస్తాను. అక్క తిరిగొచ్చి నోరెళ్ళబెట్టాలి!

మా ఆవిడ అంతా విని, "ఎన్నాళ్ళు?" అని మాత్రం అడిగింది.

మార్చి 3, సోమవారం

నర్సరీకి వెళ్ళాను. అక్కడి ఆవిడ చక్కగా చెప్పింది.

"ప్లాస్టిక్ కుండీలో వేళ్ళు గోడకు తగిలి గుండ్రంగా చుట్టుకుంటాయండీ. ఈ గుడ్డసంచిలో అయితే వేరు కొసకు గాలి తగిలి ఎండిపోతుంది. దాని వెనక నుంచి బోలెడు పిల్లవేళ్ళు వస్తాయి."

అద్భుతం! కత్తెర లేకుండా గాలే క్షవరం చేస్తుందన్నమాట!

ఇంకో రకం కూడా ఉంది. చుట్టూ చిల్లులు, బొడిపెలు ఉన్న నల్ల ప్లాస్టిక్ కుండీ. కాల్చిన పనసకాయలా ఉంది. సంచికే ఓటు వేశాను. "ఇప్పుడున్న కుండీ కంటే కాస్త పెద్దది చాలు" అందావిడ. చెట్టు పెరగదా ఏం? అన్నిటికంటే పెద్దది తెచ్చాను.

ఇంట్లో విప్పగానే మా ఆవిడ అందులోకి దిగి కూర్చుంది. "నన్నూ ఇందులో నాటెయ్యండి. రోజూ ఎవరో ఒకరు ఇన్ని నీళ్ళిస్తారు" అంది.

మార్చి 4, మంగళవారం

నాటాను! పాత కుండీలోంచి లాగితే వేళ్ళు నూలు ఉండలా చుట్టుకుపోయి ఉన్నాయి. ఓపిగ్గా విడదీసి, కొత్త మట్టి నింపి, బకెట్ నీళ్ళు గుమ్మరించాను. పైన పోసిన నీళ్ళు సంచికి నలువైపుల నుంచీ బయటికొచ్చాయి. బాల్కనీ దాటాయి. కింది ఇంటి వయొలిన్ టీచరమ్మ వరండాలో పాఠం చెబుతున్నారు.

"ఏవండీ! మీ చుక్కలు తాళం తప్పుతున్నాయి! పడితే పడ్డాయి, లయలో పడమనండి!"

మార్చి 6, గురువారం

సంచి చుట్టూ ప్లాస్టిక్ షీటు బిగించి కట్టాను. ఒక్క చుక్క పడలేదు! నా తెలివికి నేనే మురిసిపోతుంటే మా ఆవిడ వచ్చింది.

"గాలి తగలాలనే కదా గుడ్డసంచి కొన్నారు?"

షీటు విప్పేశాను.

మార్చి 7, శుక్రవారం

మెరుపులాంటి ఆలోచన! ఇంట్లో నేను ఆఫీసు పని చేసుకునే చక్రాల కుర్చీ! నేను, మా ఆవిడ, వాచ్‌మన్ కలిసి చెట్టును అందులోకి ఎక్కించాం. పొద్దున్నే స్నానాల గదికి తోసుకెళ్ళి నీళ్ళు పోయడం, కారడం ఆగాక బాల్కనీలో ఎండకు నిలపడం. ఆఫీసు పని ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి చేసుకుంటాను. నిలబడటం ఆరోగ్యం కూడాను.

మార్చి 10, సోమవారం

మేనేజరుగారితో వీడియో మీటింగు. నా వెనక కుర్చీలో చెట్టు.

"ఆ కుర్చీలో ఎవరండీ?" అన్నారు.

"మా అక్కదండీ" అన్నాను.

ఆయనకు 'మా అక్కండీ' అని వినబడినట్టుంది. లేచి నమస్కారం పెట్టారు. నేను నోరు తెరిచేలోపే, "కూర్చోండమ్మా, కూర్చోండి, లేవకండి" అని చెట్టును బతిమాలారు. ఇంకేం చెప్పను!

మార్చి 12, బుధవారం

స్నానాల గది గడప దాటిస్తుంటే నడుము పట్టేసింది. నీళ్ళు సాయంత్రం పోస్తాను.

సాయంత్రం: రేపు పోస్తాను. అంత పెద్ద సంచి, మధ్యలో తడి ఉండకపోదు.

మార్చి 14, శుక్రవారం

నిన్న కుండపోత వాన! పై వాడే పోశాడు, మధ్యలో నేనెవర్ని?

(బాల్కనీకి పైకప్పు ఉందని మా ఆవిడ గుర్తు చేసింది. నడుము నొప్పిలో ఇలాంటివి తట్టవు.)

మార్చి 17, సోమవారం

శుభవార్త: కుర్చీ ఒంటి చేత్తో తోస్తే కదులుతోంది! చెడ్డవార్త: మట్టి ఎండిపోయి బరువు తగ్గింది కాబట్టి. ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. కుర్చీని కదిలించే ఓపిక లేక బాల్కనీలోనే బకెట్ నీళ్ళు గుమ్మరించాను. మట్టి కుంచించుకుపోయి సంచి అంచును వదిలేసింది. నీళ్ళు ఆ సందులోంచి జారి కిందికి పోయాయి. వేలు పెట్టి చూస్తే లోపల మట్టి పొడిపొడిగానే ఉంది.

"ఏవండీ, ఇవాళ మరీ ద్రుతంలో ఉన్నారు! మా పిల్లలు అందుకోలేకపోతున్నారు!" కింది నుంచి టీచరమ్మ.

మార్చి 19, బుధవారం

ఆకులు రాలిపోతున్నాయి. మధ్యాహ్నం అక్క వీడియో కాల్!

"నెట్ సరిగ్గా లేదు వదినా, ఒక్క నిమిషం" అంటూ మా ఆవిడ కాలయాపన చేస్తుంటే, నేను చెట్టును హాల్లోకి తోసుకొచ్చి, రాలిన ఆకుల్ని దారంతో కొమ్మలకు కట్టేశాను. అంతా బాగానే ఉండేది. ఫ్యాను ఆపడం మరిచిపోయాను.

"ఆకులేమిట్రా అలా గిరగిరా తిరుగుతున్నాయి?"

"గాలి తగలాలక్కా. ఈ సంచి పద్ధతే అంత."

అక్క ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత మనవడు ఏడుస్తున్నాడంటూ పెట్టేసింది.

మార్చి 21, శుక్రవారం

బోడి కొమ్మలు. నా వల్ల కాదు. ఇక చెట్టును దింపేసి కుర్చీలో కూర్చుందామనుకున్నాను. చేతులు రాలేదు. ఇవాళ కూడా నిలబడే పని చేశాను.

మార్చి 22, శనివారం

చెప్పాపెట్టకుండా అక్క దిగింది!

తిన్నగా బాల్కనీలోకి వెళ్ళింది. దారాలు ఇంకా వేలాడుతున్నాయి. ఒక దారం పట్టుకుని చూసి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

"ఇది నా దగ్గరున్నప్పుడే పోతోందిరా. తెలిసిన వైద్యమంతా చేశాను. మీ బావ నాటిన చెట్టు. నా చేతిలో పోతే నన్ను నేను తిట్టుకోవాలి. నీ చేతిలో పోతే హాయిగా నిన్ను తిట్టుకోవచ్చు కదా అని తెచ్చి పెట్టాను."

నాకు కోపం రావాలి. రాలేదు.

"సరే, తిట్టు" అన్నాను.

"ఆకులకు దారాలు కట్టినవాణ్ణి ఏమని తిట్టనురా, వెధవా!"

కళ్ళు తుడుచుకుని, మొదలు దగ్గర బెరడును గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది, ఇంకా ప్రాణముంది! ముగ్గురం ఆ పచ్చదనం మీదికి వంగి తలలు ఢీకొట్టుకున్నాం.

బట్టల టబ్బు నిండా నీళ్ళు పోసి సంచిని అమాంతం అందులో దింపాం. బుడబుడమని బుడగలొచ్చాయి. అవి ఆగేదాకా అక్క టబ్బు పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

మార్చి 23, ఆదివారం

అక్క స్వయంగా చిన్న సంచి కొనుక్కొచ్చింది. మార్చేటప్పుడు చూస్తే, మట్టి అంచున తెల్లటి పిల్లవేళ్ళు, దువ్వెన పళ్ళంత సన్నగా! నేనింత చేసినా అవి వచ్చాయి.

చిగురేసేదాకా చెట్టు ఇక్కడే ఉండాలని అక్క తీర్పు. ఒక రోజు తను వచ్చి పోస్తుంది, ఒక రోజు నేను. ముందు వేలు పెట్టి మట్టి చూడాలి. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి పోయాలి. కింద పళ్ళెం పెట్టాలి.

రేపటి వంతు నాది. తప్పను! కాఫీ ముట్టను!

ఇప్పుడే అక్క ఫోన్ చేసింది. రేపు నేను ఎలాగూ లేవనట, అందుకని ఇవాళే తిట్టేస్తానంది. బావ పోయాక అక్క అంత గొంతెత్తి మాట్లాడటం వినడం ఇదే మొదటిసారి. మధ్యలో నేను ఆపబోతే, "ఇంకా అవ్వలేదురా, ఉండు" అంది.

ఉన్నాను.