ఫోటో రానిచోట రాసిన మాట

అక్కా, పోయిన గొంతు తిరిగొచ్చింది, దిగులు పడకు.

అరిచి అరిచి పోగొట్టుకున్నానని నువ్వు తిట్టింది న్యాయమే. కాలేజీ పిల్లలకు వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పుతున్నానుగా. ఫోటో పెట్టిన ప్రతిచోటా, ఒకవేళ అది రాకపోతే చదువుకోడానికి దాని గురించి ఒక మాట రాసిపెట్టమని చెవినిల్లు కట్టుకుని పోరాను. "వస్తుంది కదా మేడమ్, ఎందుకూ?" అంటారు. చివరికి దాదాపు అందరూ "ఫోటో" అని రాసేసి చేతులు దులుపుకున్నారు.

నిన్న ఒక్కొక్కరి పేజీ నా కంప్యూటర్లో తెరిచి గోడమీద చూపించాను. వెనకబల్లలో ఒక అమ్మాయి ఉంది, నోరు విప్పదు, తోటివాళ్ళు మూగనోము అంటారు. ఆమె ఫోటోను ఇంట్లో కంప్యూటర్లోనే వదిలేసి పేజీ ఒక్కటే తెచ్చింది. గోడమీద ఖాళీ గడి పడింది. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ గడిలో ఆమె రాసిన మాట మాత్రం ఉంది: "మా తాతయ్య, కుట్టుమిషను ముందు, పళ్ళమధ్య దారం వదలకుండానే నవ్వుతున్నాడు."

నవ్వులు ఆగిపోయాయి. "మేడమ్, కనబడుతున్నాడు," అన్నాడు ముందుబల్ల అబ్బాయి. ఆ మాటను నేనూ ఒకసారి పైకి చదివాను, ఈసారి అరవకుండానే.

నా నీలం శాలువా పంపు. బీరువా తాళంచెవి దొరికిందా? బావ కాలి కట్టు విప్పారని రాసి, "బాగున్నాడు" అని ఊరుకున్నావు. మా పిల్లలు "ఫోటో" అని రాసినట్టే ఉంది. గోడ పట్టుకుని నడుస్తున్నాడా, నీ భుజం పట్టుకునా? నీమీద విసుక్కునేంత ఓపిక వచ్చిందా?

బావకు నమస్కారాలు, బుజ్జిదానికి ముద్దులు. సెలవు దొరికేదాకా నేను రాలేను. నాకు కనబడేట్టు రాయి.

నీ చెల్లి