చందనం కింద నంబరు

శుక్రవారం, రాత్రి

తమ్ముడు రాము కొనాలనుకున్న పాత స్పోర్ట్స్ కారు ఈ రోజు ఇంటి ముందుకు వచ్చింది. కారు 2012 మోడల్. ఇంజిన్ కూడా ఆ ఏడాదిదే అయితేనే కొంటానన్నాడు. కాకూడదని పొద్దున దీపం పెట్టి మొక్కుకున్నాను. వాడి వేగం నాకు తెలుసు.

ఇంజిన్ నంబరు చూస్తే ఏడాది తెలుస్తుందట. పాత ఓనరు ప్రతి ఆయుధపూజకూ పూసిన చందనం దాని మీద రాయిలా గట్టిపడింది. మెకానిక్ సెల్వం స్క్రూడ్రైవరు తీశాడు.

"గీకితే నంబరే పోతుంది, జరుగప్పా" అన్నాను. ఇంట్లో ఉన్న మెత్తటి బ్యాండేజీ గుడ్డ వేడినీళ్లలో ముంచి, దేవుడి పటాలు తుడిచినట్టు మెల్లగా తుడిచాను. ఒక్కొక్క అంకె బయటపడుతుంటే నేనే పైకి చదివాను. మొక్కు సంగతే మరిచిపోయాను. సెల్వం ఫోనులో సరిచూశాడు.

"అదే ఏడాదిదే అక్కా! ఇంజిన్ ఎవరూ మార్చలే!"

అందరికంటే ముందు అరిచింది నేనే.

"రేపు ముందు సీటు నీకే అక్కా" అన్నాడు రాము.

"మెల్లగా పోతావా?"

"నువ్వు కూర్చొంటే సైకిలోడు కూడా మనల్ని దాటిపోతాడులే!"

ఇప్పుడు దేవుడికి ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు. రేపు కట్టుకునే చీర మాత్రం తీసి పెట్టుకున్నాను. దూరమైనా సేత్తూరు ఊరి దాకా పోదామని రాముకు చెప్పాలి.