నీ గదిలో గాజుల మూటలు

అమ్మా,

నిన్న గరియాహాట్ బజారులో ఫుట్‌పాత్ మీది కొట్లన్నీ పోలీసులొచ్చి పీకేశారు. ఇవాళ ఎవరినీ రాసుకోకుండా హాయిగా నడిచాను. ఆ హాయికే మనసు కుదురుగా లేదు.

కొసరు గాజు వేయించుకోకుండా నువ్వు లేచేదానివి కాదే, ఆ కొట్టు నిమాయ్‌దా సాయంత్రం మూటలతో వచ్చాడు.

"దీదీ, వేరే చోటు దొరికేదాకా మాసీమా గదిలో పెట్టుకోనా?"

అతను మాసీమా అని పిలిచేది నిన్నేగా; నువ్వు పోయాక నీ గది తెరవలేదు. "పోలీసులొస్తే?" అని సాకు చెప్పాను.

"మాసీమా అయితే ముందు తిట్టి, తర్వాత టీ ఇచ్చేది."

నిజమే, "ఏటి, గుమ్మంలోనే నిలబడ్డావు?" అనేదానివి. తాళం తీశాను. తప్పో ఒప్పో తెలీదు.

అతను వెళ్ళాక, దుమ్ముంది కదా అని చీపురు పట్టుకుని లోపలికొచ్చాను. ఊడవలేదు. మూటల పక్కన, నీ మంచం మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.