దిన్నె మీది చప్పుడు

మే 4, ఆదివారం

ఈరోజు చర్చి గేటు దగ్గర బండి యాక్సిలరేటర్ వదిలాను. ఢబ్. ఢబ్ ఢబ్. లోపల పాస్టర్ గారు ప్రార్థన ఆపేశారు. ముందు వరసలో ముసలామె ఒకామె టపాకాయలు ఎవరు కాల్చినారని గట్టిగానే అడిగింది. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాయన బండి ఇది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు తాళం నా చేతికిచ్చాడు. ఊళ్లు తిరిగి గొర్రెలకూ మేకలకూ టీకాలు వేసే పని నాది. రేజ్ చేసినంతసేపు బండి బుద్ధిగా ఉంటుంది. వదిలితే చాలు, సైలెన్సర్‌లో పేలుతుంది. మడకశిర బస్టాండ్ దగ్గర కాలేజీ పిల్లలు నడుస్తున్న బండి ఇంజన్ తాళంతో ఆర్పి, మళ్లీ తిప్పి, కావాలని ఢాం అనిపిస్తుంటారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. నా బండి అడక్కుండానే ఆ పని చేసి పెడుతోంది.

ఊళ్లలో నా పేరు ఎప్పుడో పోయింది. టపాకాయల డాక్టరమ్మ అంట. నేను డాక్టర్‌ని కాదని చెప్పడం ఎలాగూ మానేశాను. ఆ టపాకాయలు మాత్రం నాకొద్దు.

మే 7

మెకానిక్ ఓబుళేసు కార్బొరేటర్ విప్పి కడిగాడు. సైలెన్సర్ ప్యాకింగ్ మార్చాడు. ఇంక గమ్మునుంటాదిలే అక్కా అన్నాడు. అతని షెడ్డు వీధి మలుపు తిరిగేదాకా గమ్మునుంది.

మే 8

ప్లగ్ మార్చాడు.

మే 9

పేలింది.

మే 11, సాయంత్రం

అసలు దొంగ దొరికింది. ఇంజన్ పక్కన చిన్న వాల్వ్, దానికో రబ్బరు పైపు. పొగలో విషం తగ్గాలని కంపెనీ పెట్టిందట. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మండకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది. ఈ వాల్వ్ అక్కడికి గాలి పంపుతుంది. రెండూ కలిసి అక్కడ అంటుకుంటాయి. దీన్ని పీకేసి రేకు బిగిస్తే సప్పుడే ఉండదక్కా, శానామందికి ఇదే చేసినా అన్నాడు ఓబుళేసు. పొగ సర్టిఫికెట్ సంగతేంటి అంటే నవ్వాడు.

నాయన వద్దన్నాడు. కంపెనీవాళ్లేమన్నా పిచ్చోళ్లా, ఉండేదాన్ని యాల పీకేది అని ఒకటే గొడవ. చర్చిలో నవ్వులపాలైంది నేను, ఆయన కాదు. నా పనికి తిరిగే బండి, నా ఇష్టం అన్నాను. పీకించేశాను.

వచ్చేటప్పుడు దారంతా కావాలనే రేజ్ చేసి, వదిలి, మళ్లీ చేసి, వదిలి చూశాను. చప్పుడే లేదు. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మే 16

చిటుకు రోగం టీకా సోమవారం గానీ మంగళవారం గానీ చేతికొస్తుందని మా డాక్టర్ పద్మప్రియ మేడమ్ చెప్పారు. తొలివాన పడక ముందే అన్ని మందలకూ వెయ్యాలి. వాన పడి లేతగడ్డి మొలిస్తే, ఎండాకాలమంతా మాడిన గొర్రెలు ఆబగా మేస్తాయి. పొద్దున బాగున్నది సాయంత్రానికి పడిపోతుంది. ఎవరి బండి తెచ్చుకున్నావు, చప్పుడే లేదే అన్నారు మేడమ్. ఈ నెలలో నేను విన్న మంచిమాట అదొక్కటే.

గొర్రెలు కాసే నల్లమ్మ దొడ్డి దిన్నెకు అవతల, వంక ఆవలి గట్టున ఒంటరిగా ఉంటుంది. అక్కడ సెల్లు పలకదు. పాలకు తిరిగే రామాంజితో కబురు పంపాను: సోమవారమో మంగళవారమో పొద్దున వస్తా, నేనొచ్చేదాకా దొడ్డికి అడ్డమేసిన కంప తీయొద్దు, మేపుకు తోలొద్దు.

మే 20, మంగళవారం

దొడ్డి ఖాళీ.

కంప పక్కకు లాగేసి ఉంది. పెంటికలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, అంటే అప్పుడే పోయారు. గుట్ట ఎక్కి అరిచాను. గొంతు పోయిందే గానీ ఒక్క గొర్రె కనపడలేదు. టీకామందు డబ్బాలో ఐసు కరుగుతోంది. అది నీళ్లయ్యేలోపు పక్క ఊరికి పరిగెత్తి ఆ మందు వెంకటప్ప మందకు వేసేశాను.

ముందే కబురు పంపి, చీకటితో లేచి, దిన్నె దిగి, వంక చుట్టుకుని వస్తే ఈమెకు కాస్త ఆగడానికి ఒళ్లు బరువు. రేపు ఏదైనా అయితే మందు వెయ్యలేదని నన్నే అంటారు. మాట మీద నిలబడని మనుషులకు నేనెందుకు ఇంత తిరగాలి.

మే 21

టీకా స్టాకు అయిపోయింది. మళ్లీ ఎప్పుడంటే, వచ్చినప్పుడు అన్నారు మేడమ్.

మే 24

వాన. ఊరంతా సంబరం. నాకు అన్నం సయించలేదు.

జూన్ 2, సోమవారం

నల్లమ్మ గొర్రెలు పడతాండాయని పొద్దున్నే రామాంజి వచ్చి చెప్పాడు.

వంకగట్టున వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నిన్నటిదాకా మేసినవే. ఇంకొకటి నా కళ్లముందే ఎగిరిపడి, కాళ్లు తన్నుకుని పోయింది. దాని పిల్ల ఇంకా పొదుగు వెతుక్కుంటోంది. నా దగ్గర చెయ్యడానికి ఏమీ లేదు. ఉత్త సంచి పట్టుకుని నిలబడ్డాను.

నల్లమ్మను నిలదియ్యాలని దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆమే మొదలుపెట్టింది, గొంతు పెంచకుండా. ఆ సోమవారం మధ్యాన్నం దాకా ఆకలితో కట్టిపెడితి తల్లీ, మంగళవారం ఎండెక్కేదాకా సూస్తి అంది. నీ బండి దిన్నె దిగుతాంటే ఢబ్ ఢబ్ అంటాండె గదా. అది ఇని, నువ్వు వంక సుట్టుకొని వచ్చేలోపల పిల్లల్ని ఒకపక్క, తల్లుల్ని ఒకపక్క చేసి పెట్టుకుంటాంటి. ఈతూరి సప్పుడే రాల్యా. రావేమోలే అని ఇడిస్తి. బండికేమాయె అని అడిగింది.

బాగు చేయించానని చెప్పలేదు. హారన్ కొట్టి ఉండాల్సింది అన్నాను. హారన్ అందరూ కొడతారు గదమ్మా అంది.

నేను వచ్చినప్పుడల్లా మంద అలా సిద్ధంగా ఎందుకు ఉండేదో ఒక్కసారైనా ఆలోచించలేదు. అదంతా నా టైమింగ్ అనుకున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

జూన్ 3

వాల్వ్ మళ్లీ బిగించమని ఓబుళేసును అడిగాను. పాతసామాన్లోడు తీసుకుపోయినాడక్కా అన్నాడు. పీకమనేవాళ్లే గానీ, మళ్లీ పెట్టమన్నది నువ్వొక్కదానివే అంట. కొత్తది బెంగళూరు నుంచి రావాలి.

నాయనకు అంతా చెప్పాను. కొత్త వాల్వ్‌కు డబ్బులు తీసి నా చేతిలో పెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

జూన్ 5

మందు వచ్చింది. వాల్వ్ రాలేదు. రామాంజి గుత్తిలో పెళ్లికి పోయాడు. రేపు వస్తున్నానని నల్లమ్మకు చెప్పేవాళ్లు లేరు.

జూన్ 6

దిన్నె దిగుతూ, బండి గేర్లో ఉండగానే తాళంతో ఇంజన్ ఆర్పి, మళ్లీ తిప్పాను. ఢాం. ఇంకోసారి. ఇంకోసారి. సైలెన్సర్ చీలితే చీలనీ.

వంక చుట్టుకుని వెళ్లేసరికి కంప వేసే ఉంది. ఒకపక్క పిల్లలు. ఒకపక్క తల్లులు. తల్లుల పక్క పలచగా ఉంది.