మల్లేశ్వరి పేరులో దొరికిన మాటలు

మల్లేశ్వరీ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్ననే జమ్మలమడుగులో మన ఇంగ్లీషు సారు రిటైర్మెంటు సభ జరిగింది. నేనూ వెళ్లాను.

ఎవరిదో ఒకరి పేరు ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, ఆ అక్షరాలతో ఎన్ని మాటలొస్తాయో వెతకమనేవాడు కదా. మైకు అందుకోగానే ఆ ఆట సంగతే ఎత్తుకున్నాడు.

"మైలవరం నుంచి చేపలమ్మేటోళ్ల పిల్ల ఒకటి వస్తాండె. దాని పేరు రాస్తే స్మెల్ అని వచ్చె! క్లాసంతా ముక్కులు మూసుకున్యారు."

హాలంతా నవ్వింది. ఆ రోజు కూడా ఇలాగే నవ్వారు. మరుసటి రోజు నుంచి నువ్వు బడికి రాలేదు. మీ నాయన ఎంత బతిమాలినా రాలేదు. పెళ్లయి, పిల్లలు పుట్టాక కూడా, నేను మీ ఇంటికొస్తే చేతులు నిమ్మచెక్కతో రుద్దుకోనిదే నా పక్కన కూర్చునేదానివి కాదు.

నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఆ పిల్ల పేరు మల్లేశ్వరి. పోయినేడు జరమొచ్చి సచ్చిపాయ. ఆ పేరులో ఇంకో మాట కూడా ఉండాది. ఎస్, హెచ్, ఏ, ఎం, ఇ. షేమ్."

సారు వేళ్లు మడుస్తూ అక్షరాలు ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. తర్వాత ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"శభాష్! సూడండప్పా, ఇన్నేండ్లయినా నేను నేర్పించింది మర్సిపోలేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో నన్ను స్టేజీ మీదికి లాక్కెళ్లి, ఆయన పక్కన నిలబెట్టి, నవ్వమని చెప్పి ఫోటో తీశారు.