గంట కొట్టినంక పెద్ద

అన్నా,

నువ్వు చౌకీదారు పని చేసిన ఇత్తనాల పరిశోధన ఫారంల ఇయ్యాల మళ్ల గోదాం అంటుకున్నది. నువ్వు మంటల్ల పోయిన నాడు ఒకలు నీళ్లు పొయ్యమన్నరు, ఒకలు తలుపు తియ్యమన్నరు. నువ్వు ఒక ఆముదం సంచి బయట ఏసి ఇంకోదానికి లోపలికి పోతుంటే, ఆగమన్నోడు ఒక్కడు లేకపాయె.

నీ తర్వాత ఫారంల కాయిదా పెట్టిండ్రు. ఆపద గంట కొట్టినంక మేస్త్రి రాజయ్యనే పెద్ద, ఆఫీసరు గూడ ఆయన మాటనే ఇనాలె. ఇయ్యాల ఆఫీసరు సారు లోపలికి ఉరుకబోతే రాజయ్య రెక్క పట్టుకున్నడు.

"ఏండ్ల సంది పెంచిన ఇత్తులు రాజయ్యా" అన్నడు సారు.

"కాలనీయుండ్రి సారూ. గంట కొట్టినంక మీరు గూడ నా కిందనే."

సారు ఆగిండు. అందరం కంచె అవతల నిలవడి చూసినం. ఒక్కనికి సెగ తాకలే. రాజయ్య చేసింది మంచి పనే, నేనైనా గట్లనే చేద్దును.

కానీ అన్నా, గవి నువ్వు ఆనాడు బయట ఏసిన సంచిల ఇత్తులే. యేటేటా గవే ఇత్తి, మళ్ల గవే దాసినం. గింజలు ఏరే పని వదినదే, ఇంకొకలను ముట్టనియ్యదు. మంట ఆరినంక బూడిదంత దేవులాడిన. ఒక్క గింజ దొరకలే.

వదిన చిట్యాలల తల్లిగారింటికి పోయింది, రేపొస్తది. ఆమెకు ఏమని చెప్పాలె? అందరం బతికినమనా?

నీ తమ్ముడు